జగదీశ్ చంద్ర బోస్

బెంగళూరు పీణ్యలో లేతు యంత్రాల చప్పుడు మీకు కొత్త కాదు. ఆ కార్ఖానాల నడుమనే భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ వారి ఇస్ట్రాక్ కేంద్రం ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగుతుండగా శాస్త్రజ్ఞులు దానిని కనిపెట్టి చూసినది ఇక్కడి నుండే. ఆ వార్తలను మోసుకొచ్చేవి రేడియో తరంగాలు. అటువంటి తరంగాలలో అతి పొట్టివాటిని 1890లలోనే కలకత్తాలో పుట్టించి చూపినవారు జగదీశ్ చంద్ర బోస్. మొక్కలలో వార్త ఎలా నడుస్తుందో వెదకినవారు కూడా ఆయనే.

బోస్ 1858 నవంబరు 30న తూర్పు బెంగాలులో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వోద్యోగి. ఆ రోజుల్లో కలిగినవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపేవారు. ఆయన మాత్రం కొడుకును మొదట బెంగాలీ బడిలోనే చేర్పించారు. తరగతిలో బోస్‌కు ఒక పక్కన ఇంటి నౌకరు కొడుకైన ముస్లిం బాలుడు, మరొక పక్కన జాలరి కొడుకు కూర్చునేవారు. వారు చెప్పే పక్షుల కథలు, నీటి జంతువుల కథలు ఆయన చెవులప్పగించి వినేవారు. ప్రకృతిపై మక్కువ అక్కడే మొదలైంది.

కేంబ్రిడ్జిలో చదువు ముగించి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులుగా చేరారు. ఆంగ్లేయుల కంటే భారతీయులకు జీతం తక్కువ. బోస్ పాఠం మానలేదు, జీతమే మానుకున్నారు. మూడేళ్ళు ఒక్క రూపాయి ముట్టలేదు. ఇంట్లో అప్పులున్న మనిషికి అది చిన్న పట్టుదల కాదు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి పాత జీతమంతా పూర్తిగా చెల్లించింది.

కళాశాలలో సరైన ప్రయోగశాల లేదు. రేకుపని చేసే ఒక కార్మికునికి నేర్పి, తనకు కావలసిన పరికరాలు చేయించుకున్నారు. తరంగాలను పసిగట్టే ఆయన పరికరం ఎక్కువసేపు పనిచేస్తే మందగించేది, కొంత విరామమిస్తే తేరుకునేది. అలసిన కండరమూ అంతే కదా! మరి మొక్క మాటేమిటి అన్న ప్రశ్న ఆయనను అటు నడిపించింది.

అత్తిపత్తిని మీరు చూసే ఉంటారు. కన్నడంలో దానిని ముట్టిదరె ముని అంటారు. ఒకచోట గిల్లితే దూరాన ఉన్న ఆకులు కూడా ముడుచుకుంటాయి. ఆ వార్త విద్యుత్ స్పందనగా కాడ వెంబడి సాగుతుందని బోస్ తన పరికరాలతో చూపారు. మొక్క ఎదుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫును నిర్మించారు. ఫరీద్‌పూర్‌లో సాయంకాలం తలవంచి ఉదయానికి లేచే ఖర్జూరపు చెట్టుకు జనం మొక్కేవారు. వేడిమిలోని మార్పే దానికి కారణమని ఆయన తేల్చారు.

1901లో లండన్ రాయల్ సొసైటీలో జీవశాస్త్రజ్ఞులు కొందరు అభ్యంతరం చెప్పగా ఆయన వ్యాసం అచ్చుకాకుండా ఆగిపోయింది. మరుసటి ఏడు లిన్నియన్ సొసైటీ ఆయన పరిశోధనను ప్రచురించింది. 1920లో ఆ రాయల్ సొసైటీయే ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. బోస్ చెప్పినవన్నీ నిలవలేదు. మొక్కలకు జంతువుల వంటి నరాలు లేవు. అయితే మొక్కలలో విద్యుత్ సంకేతాలున్న మాట నిజం. గొంగళిపురుగు కొరికిన ఆకు నుండి వెలువడే వాసనలు పక్క మొక్కలను హెచ్చరిస్తాయనీ, ఆ పురుగుల శత్రువులైన కందిరీగలను రప్పిస్తాయనీ తరువాతి వారు కనుగొన్నారు.

1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ పరిశోధనాలయాన్ని స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిదిలో కన్నుమూశారు. ఆయన చేయించిన పరికరాలు ఆ పరిశోధనాలయంలో నేటికీ ఉన్నాయి.