డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: ఒక జీవితము, ఒక సూక్ష్మజీవి

మన అనంతపురం పీఠభూమిలో వర్షపాతము సాలుకు దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడ వచ్చిన యేడు వచ్చును, రాని యేడు రాదు. వాన తప్పినప్పుడు వేరుశెనగ చేను ఎండుటను అందరును చూతురు. పెరటిలో తోటకూర మడి ఎండుటను, గోంగూర మొక్క మాడుటను లెక్కకు తీసుకొనువారు అరుదు. ఇంటిలో సంగటియు మిరపకారమును మిగులును, ఆకుకూర పోవును. దానితోపాటు కంటికి కనిపించని వస్తువొకటి పోవును. దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు. లాటిన్ భాషలో ఆకును తెలుపు మాటనుండి ఈ పేరు పుట్టినది. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఈ పదార్థమును సేకరించి ఈ నామకరణము చేసినారు. గర్భిణులలో రక్తహీనత కలుగుటకు దీని లోపము ఒక ముఖ్యకారణము. అట్టి రక్తహీనతనే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయి నగరపు బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలలో పరిశీలించియుండినది.

ఈ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు నాయకత్వము వహించినవారు తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి జీవితమును మన విద్యార్థులకు పరిచయము చేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వారినిగూర్చి వ్రాయువారు సర్వమును వారొక్కరే కనుగొన్నట్లు వర్ణించుటయు, మరికొందరు వారి పేరునే విస్మరించుటయు మేము చూచితిమి. రెండును న్యాయము కావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. చదువునందు చిన్ననాట వీరికి ఆసక్తి తక్కువ. పదమూడవ యేట ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరినారు. తల్లి వెనుకకు రప్పించినది. తండ్రి మరణించిన తరువాత ఆ తల్లియే తన నగలను అమ్మి కుమారుని చదివించినది. మెట్రిక్యులేషన్ పరీక్షలో వీరు రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైనారు. మార్చి పరీక్షలో తప్పినచో లోకమే ముగిసినదని తలపోయు మిత్రులు మన వసతిగృహములలో ప్రతి సంవత్సరమును కొందరుందురు; వారికొరకే ఈ సంగతిని ఇంత స్పష్టముగా వ్రాసితిమి.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచున్న కాలమున గాంధీజీ పిలుపునందుకొని వీరు ఖద్దరు ధరించినారు. శస్త్రచికిత్సా విభాగమున ఖద్దరు కోటుతో ప్రవేశించుట ఆంగ్లేయ ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు రుచింపలేదు. తక్కిన పరీక్షలు చక్కగా వ్రాసినను, వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖ ద్వారము మూసికొనిపోగా, వీరు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులుగా చేరినారు.

ఈ దశలోనే వారి కుటుంబముపై పిడుగు పడినది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి వెనుక నొకరు మరణించినారు. వారిని కబళించినది స్ప్రూ అను వ్యాధి. మన వైద్యులు సంగ్రహణియని చెప్పునది. ఎంత తిన్నను ప్రేగు ఆహారమును పీల్చుకొనలేదు. విరేచనములతో దేహము శుష్కించి, నాలుక పుండుపడి, రక్తము పాలిపోవును. అన్నము ఎదుట నుండగానే క్షామముపాలగుట ఈ వ్యాధి లక్షణము. సుబ్బారావుగారికిని ఇదియే సోకినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో వీరు కోలుకొనినారు. తమను బ్రతికించిన మందు ఏ కారణముచేత పనిచేసినది, తమ సోదరులు ఏ కారణముచేత మరణించినారు అను రెండు ప్రశ్నలు అప్పటినుండి వారిని విడువలేదని వారి జీవితక్రమమే చెప్పుచున్నది.

మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారి ఆసరాతోను వీరు 1920 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బోస్టన్ నగరమునకు పయనమైనారు. భార్య శేషగిరిగారు స్వదేశముననే ఉండిపోయినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగమున విద్యార్థిగా చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని చేసినారు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినారు. రక్తములోనో మూత్రములోనో ఉన్న ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, దానికి తగిన క్షయకరణిని చేర్చినచో నీలివర్ణము వచ్చును. నీలము ఎంత చిక్కనైనచో భాస్వరము అంత అధికము. రసాయనశాస్త్ర విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతియని చదువునది ఇదియే. ఈ కొలత చేతికి వచ్చిన పిమ్మట కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లోను, ప్రాణికోటికి శక్తినాణెమనదగిన ఏ.టి.పి. 1929లోను వారికి దొరికినవి. ఫాస్ఫోక్రియాటిన్‌ను ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును, ఏ.టి.పి.ని జర్మనీలో లోమన్‌యును అదే కాలమున స్వతంత్రముగా కనుగొనినారు. 1930లో సుబ్బారావుగారు పి.హెచ్‌డి. పట్టము పొందినారు. ఐనను హార్వర్డు వారికి స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. ఆ ప్రయోగశాలలో సహవిద్యార్థియై, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్క్ కారణమున వెలుగు చూడక, ఏండ్ల తరువాత ఇతరులచే తిరిగి కనుగొనబడవలసి వచ్చినదని సాక్ష్యమిచ్చినాడు.

1940లో వీరు న్యూయార్క్ రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లే ప్రయోగశాలలలో చేరి, 1942లో పరిశోధనాధిపతులైనారు. ఇచ్చటనే మా శీర్షికలోని సూక్ష్మజీవి ప్రవేశించును.

కాలేయములో రక్తహీనతను పోగొట్టు పదార్థమేదో గలదని అప్పటికే తెలియును. కాని దానిని పట్టుటెట్లు? కాలేయపు రసమును వంద భాగములుగా విడదీసినచో ఏ భాగమున అది యున్నదో రోగికి తినిపించి చూచుటకు నెలలు పట్టును. అందుచేత వారు ల్యాక్టోబాసిల్లస్ కేసియై అను సూక్ష్మజీవిని ఆశ్రయించినారు. ఇది పాలను పులియబెట్టు జాతికి చెందినది. మనుష్యుల ప్రేగులోను నివసించును. (ఉర్దూలో ఆంత్ అన్నను, మన గ్రంథములలో ఆంత్రమన్నను ఒకే మూలమునుండి వచ్చిన మాటయని ప్రాసంగికముగా చెప్పుచున్నాము.) ఈ జీవి తనకు వలసిన ఫోలిక్ ఆమ్లమును తాను చేసికొనలేదు. ఇతర పోషకములన్నియు ఉండి ఇదొక్కటి లేని ద్రవమును గాజుగొట్టములలో పోసి, ఒక్కొక్కదానిలో కాలేయరసపు ఒక్కొక్క భాగమును చుక్కగా వేసి, సూక్ష్మజీవిని విడిచినచో, ఆమ్లమున్న గొట్టమున మాత్రమే అది వృద్ధిపొంది ద్రవమును పులియజేయును. ఆ పులుపును క్షారముతో కొలిచినచో ఎంత పదార్థమున్నదో తేలును. సంవత్సరముల పని దినములలోకి వచ్చినది. స్టోక్‌స్టాడ్ 1943లో కాలేయమునుండి స్ఫటికరూపమున దీనిని సాధించినాడు. 1945లో దాని కృత్రిమ నిర్మాణము ప్రకటితమైనది. 1946లో వెలువడిన వివరణపత్రముపై పదహారుగురి పేర్లున్నవి. సుబ్బారావుగారిది వానిలో ఒకటి. మేము ఈ అంకెను బుద్ధిపూర్వకముగా చెప్పుచున్నాము.

టామ్ స్పీస్ మొదలగు వైద్యులు ఈ కృత్రిమ ఆమ్లమును స్ప్రూ రోగులకిచ్చి, వారి రక్తము కోలుకొనుటను చూచినారు. సోదరుల మరణమునకు పాతికేండ్లు దాటిన తరువాత ఆ వ్యాధికి మందు ఈ విధముగా వారి ప్రయోగశాలనుండియే వచ్చినది. 1948లో అదే సంస్థలో వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును వెలువరించినాడు; టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఇది మొదటిది. దీనిని సుబ్బారావుగారే కనుగొన్నారని వ్రాయుట పొరపాటు. ఆ పరిశోధనకు వారు అధిపతులు. అటుపిమ్మట మన పొరుగున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో బేకర్, మాథన్ అనువారు దక్షిణభారత గ్రామములలో స్ప్రూ వ్యాపించిన తీరును పరిశీలించినారు. ఉష్ణమండల స్ప్రూలో చిన్నప్రేగునందు సూక్ష్మజీవులు అతిగా పెరుగుట కనబడినది. అందుచేత ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్‌ను కలిపి ఇచ్చుట పరిపాటియైనది. రెండు మందుల మూలమును ఆ ఒక్క ప్రయోగశాలయే.

ఇచ్చట మరియొక విషయము చెప్పవలెను. ఆకలిగొన్న సూక్ష్మజీవికి తన ఆకలి ఎట్లు తెలియును? సుబ్బారావుగారి కాలమున ఇది ప్రశ్నగా కూడ రూపొందలేదు. 1961లో ఫ్రాన్సు దేశస్థులు జాకబ్, మోనో ప్రేగులోని ఇ. కోలై జీవిని పరీక్షించి, ఒక జన్యువును మరొక జన్యువు అదుపుచేయునని నిరూపించినారు. జన్యువు ముందుభాగమున కొన్ని అక్షరముల వరుస యుండును. నియంత్రించు ప్రోటీను అచ్చట కూర్చుండును. ఇట్టి వరుసకే మోటిఫ్ అని పేరు. దీనిని గుర్తించుట శాసనపరిశోధన వంటిది. మన లేపాక్షి, హేమావతి ప్రాంతముల శాసనములను భాష తెలియనివాడొకడు వరుసగా పెట్టి చూచినచో, స్వస్తిశ్రీ అను గుర్తులు మొదట మరల మరల వచ్చుటను కనిపెట్టి, ఇది ఆరంభచిహ్నమని ఊహించును గదా. అట్లే పెక్కు జాతుల సూక్ష్మజీవులలో ఒకే జన్యువు ముందటి భాగములను ప్రక్కప్రక్కన పేర్చినచో, పనిలేని అక్షరములు కాలక్రమమున మారిపోవును. పనిగల అక్షరములు నిలుచును. ఒకే మోటిఫ్ అనేక జన్యువుల ముందు కనబడినచో వానికి యజమాని ఒకరేయని ఊహించి గీతలు గీసినచో నియంత్రణజాలము ఏర్పడును. ఐనను తొందర పనికిరాదు. నాలుగక్షరముల లిపిలో ఆరక్షరముల మాట కేవలము యాదృచ్ఛికముగానే 4,096 అక్షరములకొకమారు తగులును. ముప్పది లక్షల అక్షరముల జీవిలో ఒక్క పోగుమీదనే అట్టివి 700కు పైగా దొరకును. అందులో నిజమైనవి ఏవో తేల్చునది ప్రయోగశాలయే.

ఈ విధముగానే గణకయంత్రముతో జీవులను పోల్చి చూచువారికి, ఫోలేటును లోనికి చేర్చు ఫోల్-టి అను జన్యువు ముందు ఒక ఆర్.ఎన్.ఏ. మోటిఫ్ కానవచ్చినది. 2010లో యేల్ విశ్వవిద్యాలయపు బ్రేకర్ బృందము దానిని ప్రయోగముతో పరీక్షించినది. ఇచ్చట ప్రోటీను అవసరము లేదు. దేహములో ఫోలిక్ ఆమ్లము ధరించు రూపమైన టెట్రాహైడ్రోఫోలేటు చాలినంత యున్నచో ఆ ఆర్.ఎన్.ఏ. మడతలో తానే కూర్చుండి, ద్వారము మూయించును. కొరత పడినచో ద్వారము తెరుచుకొనును. ఈ మోటిఫ్ ల్యాక్టోబాసిల్లస్ వర్గమునకు చెందిన పలు జీవులలో గలదు. మనుష్యుల ప్రేగులో నివసించు యూబాక్టీరియం సిరేయం అను జీవిలోని ఇట్టి మడతయొక్క ఆకృతి 2011లో తేలినది. పెర్ల్ రివర్‌లో క్షారపుచుక్కలతో కొలిచినది ఆ వర్గపు జీవియొక్క ఆకలినే.

తిరిగి జీవితకథకు వత్తము. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను ఆ సంస్థ రసాయనజ్ఞులు తయారుచేయగా, బోస్టన్ వైద్యుడు ఫార్బర్ రక్తకాన్సరు గల 16 మంది బాలలకిచ్చినాడు. 10 మందికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని 1948 జూన్‌లో ప్రకటించినాడు. దాని సోదరియైన మెథోట్రెక్సేట్ ఇంకను వాడుకలో గలదు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ 1947లో అచ్చటనే వెలువడినది. కోస్తా జిల్లాలవారికి ఆ మాత్రలు సుపరిచితములు. ఓటమియు లేకపోలేదు. కాలేయములో వారు మొదటినుండి వెదకిన ప్రాణాంతక రక్తహీనతా నివారకము ఫోలిక్ ఆమ్లము కాదు, బి12 విటమిన్. దానిని 1948లో అమెరికాలో మెర్క్ సంస్థవారును, ఇంగ్లండులో గ్లాక్సోవారును ముందుగా సాధించినారు.

అదే సంవత్సరము ఆగస్టులో, తమ 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. 1946నాటి చట్టముచే అర్హత కలిగినను అమెరికా పౌరసత్వమును వారు స్వీకరింపలేదు. స్వదేశమునకు మరలి రానూలేదు. సముద్రమునకీవల శేషగిరిగారు ఎదురుచూచిన సంవత్సరములను ఏ శాస్త్రపత్రికయు లెక్కింపలేదు. ఆ త్యాగము ఎవరి ఖాతాలో వ్రాయవలెనో మాకును తోచలేదు. ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని వారి పేరు పెట్టినారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్ల విడుదల చేసినది.

మన మండలపు పాఠశాలలలో కౌమార బాలికలకు వారమునకొక నీలిరంగు మాత్ర ఇత్తురు. ఆసుపత్రులలో గర్భిణులకు ప్రతిదినమును ఎఱ్ఱమాత్ర ఇత్తురు. ఒక్కొక్క మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లము 500 మైక్రోగ్రాములు. వాంతి యగునని కొందరు తల్లులు దానిని గోడ అలమరలో దాచుదురు. మా ఇండ్లలోను అట్టి మాత్రలు దొరికినవి.