రాజా దీన్‌దయాళ్: పేరున్న ముఖాలు, పేరులేని ముఖాలు

అఫ్జల్‌గంజ్‌కు ఆ పేరు అయిదో నిజాం అఫ్జలుద్దౌలా నుంచి వచ్చింది. అక్కడికి కొద్ది దూరంలోని ఆబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఖాసా నౌకరుగా ఉండి, తరువాత దుకాణం తెరిచిన ఆల్బర్ట్ ఆబిడ్ నుంచి వచ్చింది. ఏలినవారి పేరూ, వారి అంతఃపురంలో మెలిగినవారి పేరూ నగరం నోట నిలిచిపోయాయి. అఫ్జల్‌గంజ్ గంజిలో బస్తాలు మోసిన హమాలీల పేరుగానీ, మూసీ ఒడ్డున నగరపు మలినాన్ని ఎత్తిపోసిన కులాలవారి పేరుగానీ ఏ కూడలికీ అంటుకోలేదు. ఆ మహబూబ్ అలీఖాన్ కొలువులోనే మరొక ఉద్యోగి ఉండేవాడు. ఆయన పేరు ఆ కాలపు హైదరాబాదు రూపానికే అంటుకుంది. పాత హైదరాబాదు అనగానే మన కళ్ళ ముందు మెదిలే రాజప్రాసాదాలు, దర్బారులు, ఏనుగుల ఊరేగింపులు, చచ్చిన పులి పక్కన తుపాకితో నిలుచున్న నవాబు - వీటిలో చాలావాటిని మనకు చూపింది రాజా దీన్‌దయాళ్ కెమెరాయే. ఆ కెమెరా ఎవరిని చూపింది, ఎవరిని పేరు పెట్టి చూపింది అన్నది కళకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అది కులానికి సంబంధించిన ప్రశ్న కూడా.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివాడు. అక్కడ ఆయన నేర్చుకున్నది భవనాల కొలతలు, నకళ్ళు, అంచనాలు. 1866లో ఇందోరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. ఫొటోగ్రఫీ ఆయనకు తీరిక వేళల వ్యాసంగంగా 1870లలో పట్టుబడింది. మధ్యభారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ అధికారి హెన్రీ డాలీ, ఇందోరు పాలకుడు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించారు. వేల్స్ యువరాజు 1875-76లో జరిపిన పర్యటనను చిత్రించే అవకాశం దక్కింది. ఆ తరువాత లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, ఆలయాలను తీసిన చిత్రాలు 1886లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఆయన కళకు ప్రేరణ ఎక్కడిదని వెతికితే సమాధానం ఆ నక్షా బల్ల దగ్గరే దొరుకుతుంది. కాగితం మీద గీత వంకర పోకూడదన్న శిక్షణ పొందిన కన్ను అది. స్తంభాల వరుస, మెట్ల అంతరాలు, గోడ మీద పడే నీడ ఆయన చిత్రాల్లో కొలిచి పెట్టినట్టుంటాయి. మనుషులను కూడా ఆయన భవనాన్ని చూసినట్టే చూశాడు. సమూహ చిత్రంలో ఎవరు నడుమ, ఎవరు పక్కన, ఎవరు కుర్చీలో, ఎవరు నేల మీద అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. దర్బారు నడిపే అంతస్తుల లెక్కకు ఇంతకంటె నమ్మకమైన కన్ను దొరకడం కష్టం.

అప్పటికి మన ప్రాంతంలో బొమ్మ వేయడం కులవృత్తుల చేతిలోని విద్య. తండ్రి నుంచి కొడుకుకు, మేనమామ నుంచి మేనల్లుడికి అందేది. కెమెరా ఆ కట్టు లేకుండా వచ్చింది. దానికి కులగురువు లేడు, కులదైవం లేదు. జైన కుటుంబంలో పుట్టిన డ్రాఫ్ట్స్‌మన్ దేశంలోకెల్లా పేరున్న ఛాయాచిత్రకారుడు కాగలిగింది అందుకే. అయితే ఆ కొత్త విద్యకు దారి ఇంజనీరింగ్ కళాశాల గుండా, సర్కారు కొలువు గుండా, తెల్లదొరల పరిచయాల గుండా పోయింది. అంటరానివారని ముద్రపడిన కులాల పిల్లలకు ఆనాడు బడి గడపే అందనంత దూరం. కులవృత్తి కాని వృత్తి పుట్టినంత మాత్రాన అందులోకి అందరూ అడుగుపెట్టలేదు. ఈ మాట ఆనాటి కెమెరాకు ఎంత వర్తిస్తుందో, తరువాత వచ్చిన ఎన్నో కొత్త చదువులకూ అంతే వర్తిస్తుంది.

1880ల నడుమ దీన్‌దయాళ్ హైదరాబాదు చేరాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసుకుని, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. జంగ్ బిరుదు బొమ్మ తీసేవానికి దక్కడం చిన్న గౌరవం కాదు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి ఛాయాచిత్రకారునిగా రాచ గుర్తింపు వచ్చింది.

1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసం వేరే జనానా స్టూడియో ఏర్పాటు చేశాడు. దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ నిర్వహించింది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవాని కంటపడకుండా తమ చిత్రాలు తీయించుకునే వీలు కలిగింది. తమ రూపం ఎవరు చూడవచ్చో, ఎవరు చూడరాదో నిర్ణయించుకునే హక్కును ఆ స్టూడియో గోడలు కాపాడాయి. రాళ్ళెత్తే తల్లికి, పొలంలో నాట్లేసే మాలమాదిగ స్త్రీకి అలాంటి గోడ ఎక్కడా లేదు. ఆమెను ఏ కెమెరా అయినా, ఏ వేళైనా, అడగకుండానే తీయగలిగేది.

ఆ తేడా ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయ పనుల చిత్రాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అవి కూడా దీన్‌దయాళ్ స్టూడియో తీసినవే. నిజాం సర్కారు చేస్తున్న మేలును లోకానికి చూపడం వాటి ఉద్దేశం. డొక్కలు ఎండిన మనుషులు వరుసలు తీరి కెమెరాకేసి చూస్తుంటారు. దర్బారు చిత్రాన్ని అమర్చిన చెయ్యే ఆ వరుసలనూ అమర్చింది. అమీరు చిత్రం కింద ఆయన పేరూ బిరుదూ వరుసగా ఉంటాయి. కరవు చిత్రం కింద కరవు అనే ఉంటుంది. అక్కడ నిలుచున్నవాని పేరు ఎవరూ అడగలేదు. వేట చిత్రంలో పులిని తోలిన మనిషికి, గుర్రం కళ్ళెం పట్టిన సయీసుకు, పల్లకీ మోసిన బోయీకి కూడా చాలా సందర్భాల్లో అదే గతి.

ఇందులో దీన్‌దయాళ్ ఒక్కడినే తప్పుపట్టడం సరికాదు. ఆయన పుట్టకముందే మొదలై, ఆయన పోయాక కూడా సాగిన చూపు అది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన భారత ప్రజల ఛాయాచిత్రాల్లో మనిషి తన కులానికో తెగకో నమూనా మాత్రమే. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గ్రంథంలోనూ, 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాలు, తెగల గ్రంథంలోనూ అదే పద్ధతి. పైవానికి పేరు, కిందివానికి కులం. దీన్‌దయాళ్ ఆ చూపును పుట్టించలేదు. దానికి అద్భుతమైన వెలుగునీడలు అద్దాడు.

అదే కాలంలో, అదే నిజాం రాజ్యంలో, వేరే తీరు బొమ్మలు కూడా ఉండేవి. చేర్యాల నకాషీలు గుడ్డ మీద వేసిన పటాలను పట్టుకుని కథకులు ఊరూరా తిరిగేవారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు వారి వారి కులపురాణం చెప్పేవారు. డక్కలి పటంలో జాంబవంతుడు సృష్టికి ముందే పుట్టిన ఆదిపురుషుడు. ఊరి చివరికి నెట్టబడిన కులం ఆ పటంలో కథానాయక స్థానంలో ఉంటుంది, పేరుతో ఉంటుంది. ఆ కళ కూడా కులాల గిరి దాటలేదన్నది నిజమే. అడుక్కునే కులానికి చెప్పే కథ, ఇచ్చే కులానికి వినే హక్కు అన్న కట్టు అందులోనూ ఉంది. అయినా బొమ్మలోని మనిషి ఎవరన్న ప్రశ్నకు ఆ పటం దగ్గర జవాబు ఉంది. గాజు పలక దగ్గర లేదు.

దీన్‌దయాళ్ చివరి రోజులు సుఖంగా సాగలేదు. తన వెంట పనిచేసిన కొడుకు ధరమ్‌చంద్ 1904లో చనిపోయాడు. మరుసటేడు ఆయనా కన్నుమూశాడు. ఆయన వెళ్ళిపోయిన మరుసటి ఏడాది, 1906లో, అదే హైదరాబాదులో మాదరి భాగయ్య అనే పద్దెనిమిదేళ్ళ మాల యువకుడు జగన్మిత్ర మండలిని స్థాపించాడు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. 1911లో మాన్య సంఘం పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభకు అధ్యక్షత వహించి, పంచములమన్న మాటను తోసిపుచ్చి ఆది ఆంధ్రులమన్న పేరును నిలబెట్టాడు. నిజాం రాజ్యంలో ఆది హిందువులన్న పేరు 1931 జనగణనకెక్కింది. ఇతరులు చిత్రం కింద రాసిన పేరును చెరిపి, తామే రాసుకున్న పేరు అది. దొర ఇంటిపేర్లను, క్షత్రియ బిరుదును తన పేరుకు తగిలించుకోవడంలోనూ ఆ పట్టుదలే ఉంది. పేరు కోసం జరిగిన ఈ పోరాటం ఎంత పెద్దదో తెలియాలంటే, దానికి ముందు తరంలో తీసిన ఆ పేరులేని ముఖాలను ఒకసారి చూడాలి.

దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివులు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. ఈ గౌరవాలకు ఆయన అన్ని విధాలా తగినవాడు. ఆయన లేకపోతే పులిని తోలినవాని ముఖం, కరవులో నిలుచున్న తల్లి ముఖం కూడా మనకు దక్కేవి కావు. అంచున నిలబెట్టినా, వారిని గాజు మీద చెరగకుండా ఉంచింది ఆయనే. మిగిలిన పని మనది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దఫ్తర్లు ఉన్నాయి. కొలువుల జీతాల పద్దులు, సంస్థానాల నౌకర్ల జాబితాలు, ఊళ్ళలో పెద్దలు చెప్పే వంశాల ముచ్చట్లు వెతికే చరిత్ర విద్యార్థికి ఈ చిత్రాలు మంచి పరిశోధనాంశం. నవాబుల వంశవృక్షాలు రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ నవాబుల వెనుక గొడుగు పట్టి నిలుచున్నవాడు ఏ ఊరివాడు, ఎవరి బిడ్డ, ఏ పేరున పిలిస్తే పలికేవాడు అన్నది తేల్చే పుస్తకం రావలసి ఉంది. దాన్ని ఆ గొడుగు పట్టిన చేతుల మనుమలు, మునిమనుమరాళ్ళు రాస్తే మరింత బాగుంటుంది.