కార్యదర్శి కుర్చీలో ఒక ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ మైదానంలో గెలుపోటములను నిర్ణయించేవి ఆటగాళ్ల పాదాలు. కాని ఏ జట్టు ఏ పోటీకి వెళ్లాలో, ఎవరికి చోటు దక్కాలో, చేరిన సొమ్ము దేనికి వెచ్చించాలో నిర్ణయించేవారు మైదానం వెలుపల కుర్చీలలో ఉంటారు. ఆ కుర్చీల కోసం జరిగే ఎన్నికలు, వాటి వెంట వచ్చే అవినీతి ఆరోపణలు ప్రపంచ పత్రికలలో ఆటకంటె ఎక్కువ స్థలాన్ని ఆక్రమించిన సందర్భాలు ఉన్నాయి. బెల్లం మార్కెట్టుకు పేరెన్నికగన్న మన అనకాపల్లిలో తూకం మీద నమ్మకం పోతే ఏమవుతుందో పసివారికి సైతం తెలుసు. సరుకు ఎంత మేలైనదైనా కొనేవాడు ముందుకు రాడు. ఆటలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. క్రీడాసంఘపు కుర్చీలో కూర్చున్నవారు ఎట్టివారై ఉండాలో తెలుసుకొనుటకై రహీం గారి జీవితాన్ని విద్యార్థుల ముందు ఉంచదలచాము. శిక్షకుడుగా ఆయన పేరు లోకానికి తెలుసు. కార్యదర్శిగా ఆయనను తలచుకునేవారు తక్కువ.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, హైదరాబాదులోని ఉన్నత పాఠశాలలలో పిల్లలకు ఆటలు నేర్పారు. స్వయంగా మంచి ఆటగాడే అయినా, నేర్పించుటలోనే తన అసలు ప్రతిభ ఉన్నదని ఆయన త్వరలోనే గ్రహించినట్లు తోస్తుంది. తరగతి గదిలో అలవడిన ఓర్పు, క్రమశిక్షణ చివరివరకు ఆయనను విడువలేదు. శిష్యులకు, సహచరులకు ఆయన రహీం సాహెబే.

1940ల తొలి భాగంలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. కార్యదర్శి అంటే ఉత్సవ విగ్రహం కాదు. క్లబ్బులను ఒక త్రాటిపైకి తేవడం, పోటీలు ఏర్పరచడం, తగవులు తీర్చడం, జమాఖర్చులు చూడడం, ఇవన్నీ ఆ పదవి తెచ్చే బరువులు. అదే పదవి చేతిలో పెట్టే అధికారమూ తక్కువది కాదు. కార్యదర్శి తలచుకుంటే తనవారికి చోటు కల్పించగలడు, కానివారిని దూరంగా ఉంచగలడు. రహీం గారు ఆ అధికారాన్ని ఏ విధంగా ఉపయోగించారో చూడండి. ఎవరూ ఒంటరిగా బంతిని నడిపించుకుపోరాదని, వెంటనే తోటివానికి అందించాలని నియమం పెట్టి ఆయన ప్రత్యేక పోటీలు జరిపించారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలని మరొక పోటీ ఏర్పరచారు. వయసులవారీగా చిన్నవారికి వేరే పోటీలు నడిపించారు. ఒక శిక్షకుడు తన జట్టుకు మాత్రమే పాఠం చెప్పగలడు. పోటీల నియమాలు వ్రాయగల కార్యదర్శి నగరమంతటికీ ఒకేసారి పాఠం చెప్పగలడు. ఈ సూక్ష్మాన్ని గ్రహించిన రహీం గారు సంఘాన్ని ఒక పెద్ద పాఠశాలగా మార్చారు.

ఫలితాలకు ఎంతో కాలం పట్టలేదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకున్నది. కలకత్తా క్లబ్బులదే ఆట అనుకునే రోజులలో ఇది సామాన్య విషయం కాదు. 1956, 1957 సంవత్సరాల పోటీలలో హైదరాబాదు రాష్ట్రజట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా గెలిచింది.

జాతీయ స్థాయిలో మాత్రం ఆయన ఇతరుల నిర్ణయాలకు లోబడి పనిచేయవలసి వచ్చింది. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు ఇతర ఆసియా దేశాలు తప్పుకోవడంతో భారతదేశానికి అవకాశం వచ్చింది. అయినా మన సమాఖ్య జట్టును పంపలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరు గనుక వెళ్లలేదని ప్రచారంలో ఉన్న కథ పూర్తి సత్యం కాదు. ఆనాటి అధికారులు ఒలింపిక్సుకు ఇచ్చిన విలువ ప్రపంచ కప్పుకు ఇవ్వలేదు. కుర్చీలలో జరిగిన ఆ నిర్ణయంతో ఒక తరం ఆటగాళ్లకు చేతికందిన అవకాశం జారిపోయింది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీం గారి జట్టు ఇరాన్‌ను ఒక గోలుతో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్సులో అధికభాగం ఉత్తకాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరంగా ఓడింది. ఆ తరువాత మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. నాలుగేండ్లు గడిచాక, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలుకు చేరింది. ఆసియా ఖండం నుండి ఆ స్థాయికి చేరిన మొదటి జట్టు అదే. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు గడ్డ మీద ఆట నేర్చినవారు ఆ జట్టులో ఉన్నారు. కార్యదర్శిగా ఆయన నాటిన విత్తనాలే అక్కడ ఫలించినవి.

1960 రోమ్ ఒలింపిక్సుకు వెళ్లిన జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ సభ్యుడు. ఆ పోటీలలో తండ్రి శిక్షకుడై ఉండగా కుమారునికి ఒక్క మ్యాచిలోనూ బరిలోకి దిగే అవకాశం రాలేదు. క్రీడాసంఘాలలో బంధుప్రీతి ఎంతగా వేళ్లూనుకున్నదో ఎరిగినవారికి ఈ చిన్న సంగతి ఎంతో చెబుతుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన జీవితానికి చివరి ఘట్టం. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోవడంపై భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం తెలిపారు. దాంతో ఇండోనేషియా ప్రజల ఆగ్రహం భారతీయులందరి మీదికి మళ్లింది. అధికారుల వివాదానికి ఆటగాళ్లు అవమానాలు భరించవలసి వచ్చింది. తొలి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో ఓడినా జట్టు తేరుకున్నది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం గారు వెనుకవరుస నుండి ముందువరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో, సుమారు లక్షమంది ప్రేక్షకుల గేలి నడుమ, పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేయగా భారతదేశం అదే కొరియాను 2-1తో ఓడించింది. అప్పటికే క్యాన్సరు రహీం గారి దేహాన్ని తొలిచివేస్తున్నది. 1963 జూన్ 11న, 53 ఏండ్ల వయసులో, ఆయన పరమపదించారు.

ఇక ప్రపంచ వేదిక వైపు చూద్దాము. 1904లో పారిస్‌లో పుట్టిన ఫిఫాలో ప్రతి సభ్యదేశానికీ, పెద్దదైనా చిన్నదైనా, ఒకే ఓటు. 1961లో ఆ సంస్థకు అధ్యక్షుడైన స్టాన్లీ రౌస్ కూడ పూర్వాశ్రమంలో బడిపంతులే. అయితే దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయంలో ఆయన చూపిన మెతకదనం ఆఫ్రికా దేశాలను దూరం చేసింది. 1974లో ఫ్రాంక్‌ఫర్టులో జరిగిన ఎన్నికలో బ్రెజిల్‌కు చెందిన జోవా హావెలాంజ్ 68-52 ఓట్లతో రౌస్‌ను ఓడించారు. పేద దేశాలకు న్యాయం జరగాలన్న కోరిక ఆ ఓట్లలో ఉన్నది, దానిని తప్పుపట్టలేము. కాని ఓటు వేసినవారు ఆ తరువాత లెక్కలు అడగలేదు. హావెలాంజ్ 1998 వరకు ఆ పీఠంపై ఉన్నారు. ఐ.ఎస్.ఎల్. అనే వాణిజ్య సంస్థ నుండి ఆయన లంచాలు పుచ్చుకున్న సంగతి స్విట్జర్లాండు న్యాయపత్రాల ద్వారా 2012లో బట్టబయలైంది. 2015 మే 27న జ్యూరిచ్‌లో ఏడుగురు ఫుట్‌బాల్ అధికారులు అరెస్టయ్యారు. రెండు రోజులకే సెప్ బ్లాటర్ ఐదవసారి అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. మరి నాలుగు రోజులకు పదవి విడుస్తానని ప్రకటించవలసి వచ్చింది.

మన ఇల్లూ చక్కగా లేదు. 2020 డిసెంబరులో జరుగవలసిన అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికలు సకాలంలో జరుగలేదు. 2022లో సుప్రీంకోర్టు పాలకుల కమిటీని నియమించింది. బయటివారి జోక్యమని ఫిఫా ఆగస్టులో మన సమాఖ్యను సస్పెండు చేసి, పదిరోజుల తరువాత ఆ చర్యను ఉపసంహరించింది. ఈ లోగా ఆసియా పోటీ కోసం తాష్కెంటు చేరిన గోకులం కేరళ మహిళాజట్టు ఆడకుండానే తిరిగి వచ్చింది. జకార్తాలో వలెనే ఇక్కడా కుర్చీల తగవుకు శిక్ష అనుభవించినది ఆటగాళ్లే.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు మాకు ఒక సందేహం కలుగకపోలేదు. రహీం గారు సుమారు ఇరవై ఏండ్లు ఒకే కుర్చీలో ఉన్నారు. కార్యదర్శీ ఆయనే, శిక్షకుడూ ఆయనే. ఇంతటి అధికారం ఒకే చేతిలో ఉండడం మంచి సంప్రదాయమా? కాదనే మేము భావిస్తున్నాము. ఆయన చేతిలో అది విద్యాలయమైంది. స్వార్థపరుని చేతిలో అదే జమీందారీ అవుతుంది. ఆయన తరువాత 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినా, క్రమంగా హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం తరిగిపోయింది. ఒక మహనీయుని నిజాయితీపై నడిచిన సంఘానికి ఆయన వెంటనే ఆ నిజాయితీ కూడ వెళ్లిపోయే ప్రమాదం ఉన్నది. కాలపరిమితి, బహిరంగమైన లెక్కలు, వేళకు ఎన్నికలు ఉన్నచోట సామాన్యుడు సైతం సక్రమంగా పనిచేయగలడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఏదో ఒక సంఘానికి కార్యదర్శులో, కోశాధికారులో అవుతారు. మిగిలినవారు ఓటర్లవుతారు. పదవి లభించినవారు అది ఒకరు నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన అమానతు అని రహీం సాహెబ్ జీవితం నుండి నేర్చుకోవాలి. ఓటు వేసినవారు అంతటితో ఇంటికి పోక, ఏటేటా లెక్కలు అడగాలి. ఈ రెండు పనులూ జరిగిననాడు ఆ ఉపాధ్యాయుని ఋణం కొంతైనా తీర్చుకున్నవారమవుతామని మా విశ్వాసం.