అయ్యగారి సాంబశివరావు

విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడలోని రాడారును గాని, ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడిమిని కనిపెట్టే పరికరాన్ని గాని విప్పి చూస్తే లోపల చిన్న చిన్న పలకలు కనిపిస్తాయి. వాటిపై పరచిన సన్నని రాగి గీతలే విద్యుత్తుకు దారులు. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో ఇటువంటి పరికరాల కోసం మనదేశం విదేశాలపై ఆధారపడేది. ఆ స్థితిని మార్చడానికి పూనుకొన్న వారిలో ముఖ్యుడు ఎ.ఎస్. రావుగా ప్రసిద్ధుడైన అయ్యగారి సాంబశివరావు.

ఆయన 1914 సెప్టెంబరు 20న భీమవరం సమీపంలోని మోగల్లులో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. పూర్తిచేసి అక్కడే అధ్యాపకులయ్యారు. పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా పరిశోధన సంస్థలో చేరారు. విశ్వకిరణాల పరిశోధనకు కావలసిన పరికరాలను అక్కడే తయారుచేయించారు. 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టిన అప్సర అణు రియాక్టరుకు నియంత్రణ పరికరాలను సమకూర్చింది ఆయన బృందమే. రియాక్టరులో శక్తి క్షణాలలో పెరగగలదు. ఒక్క అతుకు వదులైనా పరికరం తప్పుడు లెక్క చూపుతుంది. కొన్న వస్తువు చెడితే అమ్మినవారి కోసం ఎదురుచూడాలి. చేసుకొన్న వస్తువును మనమే బాగుచేసుకోగలం.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. దాని తొలి సారథి సాంబశివరావే. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వెలువడింది. దానిని తయారుచేసి అందించింది ఈ సంస్థయే.

ఆ కాలంలో పలకల నమూనాలను సాధారణంగా చేతితోనే సిద్ధపరచేవారు. పారదర్శకమైన పొరపై నల్లని పట్టీలను అతికించి, ఛాయాచిత్రంగా తగ్గించి రాగిపైకి ఎక్కించేవారు. ఒకే ముఖంపై రెండు గీతలు ఖండించుకోరాదు. అడ్డం వస్తే పలకకు రంధ్రం చేసి, గీతను రెండవ ముఖానికి దాటించాలి. ఒక్క సవరణకు ఎన్నో పట్టీలు ఊడదీయవలసి వచ్చేది. ఈ పనిని కంప్యూటరుకు అప్పగించే మార్గాన్ని 1961లో బెల్ ప్రయోగశాలలకు చెందిన లీ చూపించారు. పలకను గళ్లుగా విభజించి, చెరువులో అల వ్యాపించినట్లు ఒక బిందువు నుండి గడిగడికీ సాగుతూ దారి వెదకడం ఆయన పద్ధతి. ఇందులోనూ చిక్కులున్నాయి. ముందు వేసిన గీత తరువాతి గీతకు అడ్డుగోడ అవుతుంది. ఇన్ని గళ్లను గుర్తుంచుకొనే జ్ఞాపకశక్తి నాటి చిన్న యంత్రాలకు లేదు. పలకలను గీయగల యంత్రాన్ని నిర్మించడానికి ముందుగా మనిషే పలకలు గీయవలసి వచ్చింది! అట్టి రోజులలో మనదేశంలో కంప్యూటరు తయారుచేయడం సామాన్యమైన సాహసం కాదు.

సాంబశివరావుకు 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ పురస్కారం లభించాయి. 2003 అక్టోబరు 31న ఆయన మరణించారు. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని ఒక పేటకు ఎ.ఎస్. రావు నగర్ అని ఆయన పేరే పెట్టారు.