గుంటూరు మొదటి కతోలిక బిషప్పు

తాడేపల్లి గట్టున నిలిచి చూచువారికి కృష్ణకు రెండు యొడ్డులును తెలుగునేలయే. కాని 1940 వఱకు కతోలిక మతాధికారమున ఆవలి బెజవాడ ఇటలీ గురువుల చేతిలోను, ఈవలి గుంటూరు సీమ నెల్లూరు మేత్రాసనమున భాగమై మిల్‌హిల్ సభవారి చేతిలోను ఉండెను. ప్రజలు తెలుగువారు, పీఠములు పరదేశీయులవి. ఈ యానవాయితీ తెగినది మన గుంటూరులోనే. అందులకు కారణభూతులు పోతకమూరి తోమాసు గారు.

వీరు 1889లో నరసరావుపేట చెంతనున్న రావిపాటిలో జన్మించిరి. కతోలిక మతమును దొరల మతమని తేలికగా త్రోసివేయుట మనలో కొందఱకు పరిపాటి. అది సరికాదు. కుంపిణీవారు 1788లో గుంటూరు సర్కారును చేజిక్కించుకొనక మునుపే, ఫ్రెంచి జెసూటు గురువుల వలన తెలుగునాట కొన్ని వ్యవసాయ కుటుంబములలో ఈ మతము పాదుకొనియుండెను.

మతము స్థానికమైనను అధికారము స్థానికము కాలేదు. 1923లో తూత్తుకుడికి రోచ్ గారిని బిషప్పుగా నియమించుటతో రోము దృష్టి మాఱినట్లు కనబడెను. 1926లో పోపుగారు ఆర్గురు చీనా గురువులను స్వయముగా బిషప్పులుగా అభిషేకించిరి. 1940లో గుంటూరును నెల్లూరినుండి వేఱుచేసినప్పుడు ప్రథమ పీఠము తోమాసు గారికి లభించెను. జిల్లా కచ్చేరిపై ఆంగ్లేయ పతాకము ఇంకను ఎగురుచున్న దినములవి! సర్కారు కొలువులలో భారతీయుల సంఖ్యను వేళ్లపై లెక్కించుచుండిన మనము ఈ నియామకమును తగినంతగా గుర్తించితిమని మేము చెప్పజాలము.

గుంటూరు వారిని నిలుపుకొన్నది రెండేండ్లే. 1942లో వారు బెంగుళూరికి బదిలీయైరి. అచ్చట వారికి ముందున్నవారు ఫ్రెంచివారైన దెపాత్యూర్ గారు. అంకురించిన పీఠమును అప్పుడే విడిపించుట న్యాయమా యని మన సీమవారికి తోచుట సహజము. అయినను మాకు ముఖ్యముగా తోచునది వేఱొకటి: 1943లో గుంటూరు పీఠము మరల పరదేశీయునకు పోక, తెలుగువారగు ముమ్మడి ఇగ్నేషియస్ గారికి దక్కెను. ఒక్కరి నియామకము దయాదత్తమనుకొనవచ్చును. రెండవది హక్కును స్థిరపఱచును.

బెంగుళూరిలో కన్నడులు, తమిళులు, ఆంగ్లో ఇండియనులు గల సంఘమునకు తెలుగు రైతుసీమ మనిషి పెద్దయయ్యెను. 1953లో ఆ పీఠము అతిమేత్రాసనము కాగా వీరే దానికి తొలి ఆర్చిబిషప్పు. 1963లో ఆ నగరమున సెంట్ జాన్స్ వైద్య కళాశాల వెలసినది వీరి హయాములోనే. అది భారతదేశపు బిషప్పులందఱి పూనిక గావున, కీర్తినంతను వీరికే కట్టబెట్టము.

1968లో ఆ పీఠము తమిళుడైన లూర్దుసామి గారికి సంక్రమించెను. నాటికి రావిపాటి బిడ్డకు ఎనుబదేండ్లు సమీపించియుండెను.