సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు

ఆటస్థలమున గంట మ్రోగగానే బంతి వెంట పరుగిడు బాలకులకు ఉపయోగపడునని తలంచి, మన జంటనగరముల ఫుట్‌బాలు గురువగు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రహీమ్ గారు 1909 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తి నవలంబించిరి. వ్యాయామ విద్యయందును యోగ్యతాపత్రమును బడసిరి. 1950 లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్సు కప్పును గెలిచెను. 1951 లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో వారి శిక్షణలోని భారత జట్టు స్వర్ణపతకమును పొందెను.

మరుసటి సంవత్సరమే కష్టము వచ్చెను. 1952 జూలైలో ఫిన్లండు దేశపు హెల్సింకీ నగరమున మనవారు యుగోస్లావియాతో తలపడి 10-1 తేడాతో ఓడిరి. ప్రత్యర్థులు మిక్కిలి సమర్థులు. ఆ యొలింపిక్సులో రజతపతకము గెలిచినవారు. మనవారిలో అనేకులు బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. మన యెండలకు అలవాటుపడిన దేహములకు అచ్చటి చలి మరియొక శత్రువయ్యెను. పిమ్మట మన దేశమున ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి చేయబడెను.

చలి యేల శత్రువగునో తెలిసికొందము. కండరము పనిచేయునపుడు అది వినియోగించు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతే పనిగా మారును, తక్కినది వేడియగును. పరుగెత్తినవాని యొడలు చలికాలమందును చెమర్చుట కిదియే కారణము. ఆ వేడివలన కండరములు త్వరగా ముడుచుకొని సాగును. రక్తము వానికి ప్రాణవాయువును సులభముగా నందించును. నరముల వార్తలు వేగముగా పోవును. చల్లబడిన కండరమునకు ఈ చురుకుదనముండదు. దానిని ఒక్కుమ్మడి లాగినచో బెణుకుటకును చీలుటకును అవకాశ మెక్కువ.

మన సికింద్రాబాదునకును రహీమ్ గారికిని గల సంబంధ మొకటి చెప్పవలసియున్నది. ఇచ్చటి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ అను పేద యువకుని యాటను వారు చూచి శిక్షణకు పిలిచిరి. రాకపోకలకు డబ్బులేదని యెరిగి, అద్దె సైకిలునకు కావలసిన సొమ్ము తామే యిచ్చిరి. ఆ యువకుడు 1956 లో మెల్‌బోర్ను ఒలింపిక్సు జట్టున స్థానము సంపాదించెను. అచ్చట మనవారు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టై, నాలుగవ స్థానమున నిలిచిరి.

1962 లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమ్ గారిని క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. అయినను వారు జట్టును విడువలేదు. తొలి యాటలో దక్షిణ కొరియా చేతిలో ఓడిన మనవారు, సెప్టెంబరు 4 వ తేదీన తుదిపోటీలో ఆ జట్టునే 2-1 తేడాతో గెలిచి స్వర్ణము తెచ్చిరి. బలరామ్ కూడ ఆ జట్టులోనివాడే. తరువాత కొలది మాసములకే, 1963 జూన్ 11 వ తేదీన, రహీమ్ గారు పరమపదించిరి.

ప్రియ బాలకులారా! గెలుపు ఆట మొదలుకాక పూర్వమే సిద్ధమగునని వారి జీవితము మనకు బోధించుచున్నది. కావున బరిలో దిగుటకు ముందు పది పదునైదు నిమిషములు ఒడలు వేడిచేసికొనుడు. మొదట నడచి, పిదప మెల్లగా పరుగెత్తి, కాలుసేతులను నలుదిక్కుల నాడించి, కడపట బంతితో కొంత సాధన చేయుడు. అలసట పుట్టునంతవరకు పోనక్కరలేదు. డిసెంబరు ఉదయములందు మరికొంత సేపు చేయుట మేలు. తల్లిదండ్రులును ఈ కొలది నిమిషములను వృథాకాలముగా నెంచక, పిల్లలను కొంచెము ముందుగా పంపుదురుగాక యని కోరుచున్నాము.