పోస్టులో వచ్చిన సంఘం

ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే పేరు మన క్యాంపస్‌లో ఎవరిని అడిగినా తెలీదనే అంటారు. అమెరికాలో యాభై దాటినవాళ్ళని ఏఏఆర్‌పీ అంటే ఏంటని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్తారు. అక్కడ సెటిలైన మా పెద్దనాన్నకి యాభై నిండగానే ఆ సంస్థ మెంబర్‌షిప్ కవరు ఇంటికొచ్చింది. నేను అఫీషియల్‌గా పెద్దవాణ్ణి అయిపోయానురా అని ఫోన్‌లో నవ్వారు. ఆ సంస్థని మొదలుపెట్టింది ఈ ఆండ్రస్ గారే. అప్పటికి ఆవిడ వయసు డెబ్బై దాటింది.

1884 సెప్టెంబర్ 21న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. పెరిగింది, చదివింది షికాగోలో. 1903లో షికాగో యూనివర్సిటీ డిగ్రీ తీసుకుని టీచరయ్యారు. పగలు పాఠాలు చెప్పడం, మిగతా టైములో హల్ హౌస్‌కి వెళ్ళి పనిచేయడం. జేన్ ఆడమ్స్ నడిపిన ఆ హల్ హౌస్‌లో, యూరప్ నుంచి వలస వచ్చిన కూలీల కుటుంబాలకి రాత్రి బళ్ళు, పిల్లల సంరక్షణ, ఇలా చాలా పనులు జరిగేవి. పేదవాడికి డబ్బు ఒక్కటే తక్కువ కాదు, ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనిషి కూడా తక్కువే. ఆవిడ ఆ తర్వాత చేసిన పనులన్నీ చూస్తే ఈ సంగతి అక్కడే పట్టుకున్నారని నాకనిపిస్తుంది.

1910లో కుటుంబంతో కాలిఫోర్నియాకి తిరిగొచ్చారు. 1916లో లాస్ ఏంజెలిస్‌లోని లింకన్ హైస్కూల్‌కి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రాష్ట్రంలో అంత పెద్ద నగర హైస్కూల్‌ని ఒక మహిళ చేతికి ఇవ్వడం అదే మొదలు. చుట్టుపక్కల ఉన్నవన్నీ రకరకాల దేశాల నుంచి వచ్చిన పేద కుటుంబాలు. పిల్లలు బడికొస్తే చాలనుకోలేదు ఆవిడ. వాళ్ళ అమ్మానాన్నల కోసం కూడా ఆపర్చునిటీ స్కూల్ అని పెట్టారు. అలా 28 ఏళ్ళు అదే కుర్చీ. మధ్యలో 1930లో పీహెచ్‌డీ కూడా చేశారు. (మనకి మిడ్ ఎగ్జామ్స్‌కే టైము చాలట్లేదు!)

1944లో అమ్మకి ఒంట్లో బాగోలేక ఉద్యోగం మానేశారు. నెలకి 60 డాలర్ల చిల్లర పెన్షన్ వచ్చేది. ఆవిడకి వేరే ఆధారం ఉంది కాబట్టి గడిచిపోయింది. మరి లేనివాళ్ళ సంగతి? కాలిఫోర్నియా రిటైర్డ్ టీచర్ల సంఘంలో సంక్షేమం బాధ్యత తీసుకున్నాక అదే వెతకడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక కథ చెప్తారు. ఒక కిరాణా కొట్టాయన, ఫలానా ముసలావిడ ఎలా ఉందో ఒకసారి చూడండి అని కబురు చెప్పాడట. వెళ్తే ఇల్లు పెద్దదే, కానీ ఆ పేరుగలావిడ ఇంట్లో లేదు, పెరట్లో ఉంది. ఒకప్పుడు కోళ్ళు పెంచిన గూట్లో కాపురం! ఒకప్పుడు స్పానిష్ టీచర్‌గా పనిచేసిన మనిషి ఆవిడ. ఏఏఆర్‌పీ ఇప్పటికీ తన పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఈ కోళ్ళగూడు దగ్గరే మొదలుపెడుతుంది.

నన్ను ఆపేసింది ఆ గూడు కాదు. ఎదురింటివాళ్ళకీ, కొట్టాయనకీ కూడా విషయం తెలుసు, ఆవిడతోపాటు పనిచేసిన టీచర్లకి మాత్రం తెలీదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ స్టాఫ్ రూమ్ ఉంటుంది, ఎవరికి ఏమైందో పూటలో తెలిసిపోతుంది. రిటైరైన రోజున ఆ స్టాఫ్ రూమ్ మాయం. ఎవరి కష్టం వాళ్ళ ఇంట్లోనే. పెన్షన్ చాలట్లేదంటే అది నా ఖర్మ, నా చేతగానితనం అనుకుంటారు తప్ప, వేల మందికి అదే లెక్క చాలట్లేదని ఎలా తెలుస్తుంది?

1947లో ఆండ్రస్ దేశం మొత్తానికి ఎన్‌ఆర్‌టీఏ అని రిటైర్డ్ టీచర్ల సంఘం స్థాపించారు. పేరుకి సంఘమే కానీ మెంబర్లు ఏ మూల ఏ ఊళ్ళో ఉన్నారో! ఒకచోట కూర్చోబెట్టడం కుదిరే పని కాదు. అందుకని సంఘమే పోస్టులో వాళ్ళింటికి వెళ్ళింది, పత్రిక రూపంలో. దానికి ఎడిటర్ కూడా ఆవిడే. పెన్షన్ చట్టాల కబుర్లు, ఆరోగ్యం, ఎక్కడ ఎవరు ఏం చేస్తున్నారు అనే సంగతులు అందులో ఉండేవి. పాపం ముసలివాళ్ళు అనే ధోరణి ఉండదు. మీరింకా పనికొచ్చే మనుషులు, ఇదిగో పని, అన్నట్టు ఉంటుంది.

పెద్ద సమస్య వైద్యం ఖర్చు. మెడికేర్ 1965లో కదా వచ్చింది. అంతకుముందు 65 దాటిన అమెరికన్లలో దాదాపు సగం మందికి హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ముసలివాళ్ళు ఎక్కువగా జబ్బుపడతారు, మాకు నష్టం అని కంపెనీల లెక్క. ఆండ్రస్ 40కి పైగా కంపెనీల గుమ్మం ఎక్కి దిగారని చెప్తారు. అందరూ కాదన్నవాళ్ళే. చివరికి 1950ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలో లెనార్డ్ డేవిస్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్ దొరికాడు. అతను షికాగోలోని కాంటినెంటల్ క్యాజువాల్టీ కంపెనీని ఒప్పించాడు.

అదెలా కుదిరిందో చూస్తే మన బ్రాంచ్ వాళ్ళకి సరదాగా ఉంటుంది. ఒక్కొక్కళ్ళుగా పాలసీ అమ్మితే, ఆల్రెడీ జబ్బున్నవాళ్ళే ముందు కొంటారు, కంపెనీ మునుగుతుంది. అదే వేల మందిని ఒక గ్రూపుగా చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ కలుస్తారు, సగటు రిస్క్ తగ్గుతుంది. ఏజెంట్ ఇంటింటికీ తిరగక్కర్లేదు, పోస్టులోనే అప్లికేషను, పోస్టులోనే ప్రీమియం. అంటే కంపెనీ ముందు ఆవిడ పెట్టిన అసలు ఆస్తి పత్రిక వెళ్ళే అడ్రసుల లిస్టు. టీచర్లు విడివిడిగా అడిగితే రానిది ఆ లిస్టు అడిగితే వచ్చింది.

ఇది తెలిసి టీచర్లు కానివాళ్ళు కూడా మమ్మల్నీ చేర్చుకోండని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసమే 1958లో ఏఏఆర్‌పీ పుట్టింది. డేవిస్ పెట్టుబడి సాయం చేశాడు. మొదట్లో 55 నిండాలన్నారు, తర్వాత దాన్ని 50కి దించారు. అదే ఏడాది మోడర్న్ మెచ్యూరిటీ అనే పత్రిక వచ్చింది, మళ్ళీ ఆవిడే ఎడిటర్. 1959లో మందులు పోస్టులో పంపే ఫార్మసీ. 1960లో ఆరిజోనాలోని యంగ్‌టౌన్‌లో మొదటి స్థానిక శాఖ. పేరు యంగ్‌టౌన్, ఊరు కట్టింది మాత్రం రిటైరైనవాళ్ళ కోసం! కాగితం మీద కలిసినవాళ్ళు అక్కడ ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూర్చున్నారన్నమాట. 1961లో వాషింగ్టన్‌లో ఒక మోడల్ ఇల్లు కట్టించి చూపించారు. మెట్లుండవు, నేల జారదు, గుమ్మాలు వెడల్పు, స్విచ్‌బోర్డు కోసం వంగక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ గుమ్మం దగ్గర గట్టు ఎవరి కోసం కడతారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని దాటేసి రాయడం నాకిష్టం లేదు. మనుషుల్ని కలిపిన ఆ లిస్టే అమ్మకాలకి కూడా దారయ్యింది. డేవిస్ 1963లో కలోనియల్ పెన్ అనే సొంత ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టి చాలా సంపాదించాడు. ఆండ్రస్ పోయాక 1970లలో గట్టి విమర్శలే వచ్చాయి, ఈ సంస్థ పెద్దవాళ్ళ కోసమా లేక కంపెనీకి కస్టమర్లని పట్టివ్వడానికా అని. చివరికి ఏఏఆర్‌పీ ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. ఆవిడ ఉండి ఉంటే ముందే పసిగట్టేవారా? ఒప్పందం కుదిర్చింది ఆవిడే కాబట్టి ఆ ప్రశ్న ఆవిడ్ని కూడా అడగాల్సిందే. కాకపోతే 40 తలుపులు మూసుకున్నాక తెరుచుకున్న ఒక్క తలుపు అది. లోపల ఎవరున్నారని ఆరా తీసే స్థితిలో ఆవిడ ఉన్నారని నేననుకోను.

1967 జూలై 13న, 82 ఏళ్ళ వయసులో గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి మెంబర్లు పది లక్షలు దాటారు. సంస్థకి అధ్యక్షురాలూ, పత్రికకి ఎడిటరూ చివరిదాకా ఆవిడే. ఆ పత్రిక పేరు మారి ఇప్పుడు ఏఏఆర్‌పీ ద మ్యాగజైన్ అయ్యింది. అమెరికాలో అత్యధికంగా ఇళ్ళకి చేరే పత్రికల్లో అదొకటి, ఇవాళ్టికీ కాగితం మీద అచ్చయ్యి పోస్టులోనే వెళ్తుంది.